మరక పోవాలి, ముప్పు రాకూడదు

కొత్త చీర మీద కూర పడితే మనసు చివుక్కుమంటుంది. గబగబా సబ్బు పెట్టి బండకేసి రుద్దుతాం. కాని అన్ని మరకలూ ఒకటి కావు. ఒక్కోదానికి ఒక్కో ఉపాయం ఉంది. ఏ మరకైనా పచ్చిగా ఉన్నప్పుడే తొందరగా పోతుంది.

నెత్తురు మరక
చన్నీళ్ళలో నానబెట్టండి. తర్వాత సబ్బుతో ఉతకండి. వేణ్ణీళ్ళు పొయ్యకండి. వేడికి నెత్తురు బట్టకు పట్టేస్తుంది. నెలసరి గుడ్డలు కూడా ఇలాగే ఉతకాలి. వాటిని చీకటి మూలల్లో దాచకండి. తేమ గుడ్డలో క్రిములు పెరుగుతాయి. ఎండలో బాగా ఆరబెట్టండి. ఇందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

పసుపు మరక
సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది. భయపడకండి. బాగా జాడించి ఎండలో వెయ్యండి. ఎండకు మరక వెలిసిపోతుంది.

నూనె మరక
శనగపిండి చల్లండి. పిండి నూనెను పీల్చుకుంటుంది. కాసేపాగి దులిపి, సబ్బుతో ఉతకండి.

గ్రీజు మరక
కొబ్బరినూనె రాసి మెత్తబడ్డాక తుడవండి. తర్వాత సబ్బు పెట్టండి. పెట్రోలు, కిరసనాయిలు వాడకండి. పెట్రోలు ఆవిరికి దూరాన ఉన్న పొయ్యి మంట కూడా అంటుకుంటుంది.

తుప్పు మరక
నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో పెట్టండి. తర్వాత బాగా జాడించండి.

బ్లీచింగ్‌తో జాగ్రత్త!
బ్లీచింగ్ తెల్లని నూలు బట్టలకే వాడాలి. ఎక్కువ నీళ్ళలో కొంచెమే కలపాలి. రంగు బట్టలు వెలిసిపోతాయి. పట్టు, ఉన్ని పాడవుతాయి.

బ్లీచింగ్‌లో బాత్‌రూం కడిగే యాసిడ్ ఎన్నడూ కలపకండి. నిమ్మరసం కూడా కలపకండి. కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. కళ్ళు మండుతాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. ప్రాణమే పోవచ్చు. పొరపాటున కలిస్తే అన్నీ అక్కడే వదిలెయ్యండి. పిల్లల్ని తీసుకుని ఆరుబయటికి వెళ్ళండి. ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి.

యాసిడ్‌ను, కిరసనాయిలును కూల్‌డ్రింకు సీసాల్లో పొయ్యకండి. పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. అందకుండా పైన పెట్టండి.

ఎంత చేసినా కొన్ని మరకలు పోవు. పోనివ్వండి. మరక చీర ఇంట్లో కట్టుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి:
1. నెత్తురు మరకకు ఏ నీళ్ళు వాడాలి? ఎందుకు?
2. బ్లీచింగ్‌లో ఏమేమి కలపకూడదు?
3. మీ ఇంట్లో యాసిడ్ సీసా ఎక్కడ ఉంది? పిల్లలకు అందుతుందా?