బలపపురాయిని వెదకుట

అక్షరాభ్యాసమునాడు పలకతోపాటు పిల్లవాని చేతికి వచ్చునది బలపము. మనవారు బలపములు చేసికొనిన రాతికి బలపపురాయి యనియే పేరు పెట్టిరి. పులుసు కాచుకొను రాచిప్పలును ఈ జాతి రాతిని తొలిచి చేసినవే. దీనిలోని ముఖ్యఖనిజమును శాస్త్రజ్ఞులు టాల్కు అందురు. ముఖమునకు అద్దుకొను పౌడరునకును, కాగితమునకు నునుపునిచ్చు పొడికిని, రంగులకును, రబ్బరునకును, విద్యుత్సామగ్రిలోని పింగాణీకిని ఇది కావలెను. ఇట్టి రాయి ఎట్టి నేలలో పుట్టును? దానిని వెదకువారు ఏ యానవాళ్లను పట్టుకొని పోవుదురు? ఈ విషయమును మన పాఠశాల విద్యార్థులకు వివరింప దలచితిమి.

ఖనిజముల గట్టిదనమును 1 మొదలు 10 వరకు గల కొలతతో నిర్ణయింతురు. అందు వజ్రమునకు 10, టాల్కునకు 1. గోటితో గీచిన గీత పడును. పట్టుకొనిన సబ్బువలె జారును. స్వచ్ఛమైన టాల్కు నూరు పాళ్లలో సుమారు 63 పాళ్లు సిలికా, 32 పాళ్లు మెగ్నీషియా, 5 పాళ్లు నీరు కలవు. ఈ మూడంకెలే దాని జన్మవృత్తాంతమును చెప్పుచున్నవి.

సామాన్యమైన సున్నపురాతిలో కాల్షియము మాత్రమే విశేషముగా నుండును. డోలమైటు అను రాతిలో దానితోపాటు మెగ్నీషియమును ఉండును. భూగర్భమునందలి వేడిమిచేత ఈ రాళ్ల పలుకులు కరగకయే పెరిగి, ఒకదానినొకటి పెనవైచుకొనిన పాలరాయి యగును. ఆ సమయమున సిలికాను మోసికొనివచ్చు వేడినీరు డోలమైటు పాలరాతి పగుళ్లలో ప్రాకినచో, సిలికా మెగ్నీషియముతో కూడి టాల్కగును. కాల్షియము వేరుపడి కాల్సైటుగా నిలుచును. బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. కాబట్టి మెగ్నీషియము గల రాయి, సిలికా గల వేడినీరు, ఆ నీటికి దారి, ఈ మూడును ఒక్కచోట కలిసిననే టాల్కు పుట్టును. నర్మదాతీరమున జబల్పూరు చెంతనున్న భేరాఘాట్ పాలరాళ్లలో బలపపురాయి కనబడుట కిదియే కారణము.

చేబ్రోలివారికి పల్నాటి సున్నపురాయి క్రొత్త కాదు. పిడుగురాళ్ల సున్నమును, మాచర్ల నాపరాళ్లను ఎరుగనివారు లేరు. అమరావతి స్తూపశిల్పములను పాలరాతివని పలువురు వ్రాసిరి గాని, నిజమున కవి పల్నాటి సున్నపురాతివే. ఆ రాతిలో కాల్షియమే హెచ్చు; నల్లరాయి చొరబడి దానిని కాచిన చోటును కాదు. కావున అచట టాల్కును ఆశించుట వ్యర్థము.

గుంటూరులో గుంతకల్లు రైలెక్కి, నల్లమలను దాటి, నంద్యాల కవ్వల బేతంచెర్లలో దిగిన యెడల సంగతి వేరు. దాని సమీపమునందలి ముద్దవరము బలపపురాతికి ప్రసిద్ధి. పూర్వము కర్నూలు జిల్లాలోనిదైన ఈ ప్రాంతము 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటను, అనంతపురము జిల్లా తాడిపత్రి వైపునను, వేంపల్లె పొర యనబడు డోలమైటు విస్తారముగా కలదు. విలియం కింగు 1872లో ప్రకటించిన గ్రంథమున కడప, కర్నూలు శిలలను వర్ణించెను. సుమారు 190 కోట్ల యేండ్ల క్రిందట డోలరైటు అను నల్లరాయి కరగిన స్థితిలో ఈ పొరల నడుమకు చొచ్చెను. వేడిమి దానివలన వచ్చెను. సిలికాకు డోలమైటు నడుమనున్న చెకుముకిరాతి పొరలును ఉన్నవి.

కనుక వెదకువారు మొదట పటమును చూచి, నల్లరాయియు డోలమైటును కలియు గీతను గుర్తింతురు. పిమ్మట ఆ గీతవెంట నడతురు. వాగులో తెల్లని జారుడుముక్కలు కనబడిన ప్రవాహమున కెదురుగా పోవుదురు. అవి ఎచట ఆగిపోవునో ఆ చెంతనే మూలము. అయితే గట్టిరాయి తలయెత్తి నిలుచును, మెత్తనిరాయి అరగి మట్టిక్రింద దాగును. అందుచేత గీత కడ్డముగా కందకములు త్రవ్వుట తప్పదు. పలుచని హైడ్రోక్లోరికు ఆమ్లపు చుక్క వేసిన సున్నపురాయి వెంటనే పొంగును, డోలమైటు పొడిచేసిన గాని చక్కగా పొంగదు, టాల్కు చలింపదు.

దొరకినంతమాత్రమున గని కాదు. నూరు మీటర్ల నిడివి, రెండు మీటర్ల మందము, ఇరువది మీటర్ల లోతు గల పొర 4,000 ఘనమీటర్లు. ఘనమీటరునకు సుమారు 2.7 టన్నుల చొప్పున 10,800 టన్నులగును. కాని ఈ పొరలు ఉబ్బుచు సన్నగిల్లుచు పోవును. సగము దూరమున మందము ఒక్క మీటరే యైనచో 8,100 టన్నులే మిగులును. అందువలన బోరు వేసి లోపలి రాతిని తీసి చూతురు. ఇనుము హెచ్చైన రాయి కాల్చినపుడు రంగు మారును. అది తెల్లని పింగాణీకి పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష మరియొకటి కలదు. టాల్కును పుట్టించిన వేడినీరే ఆ వేంపల్లె పొరలోనే పులివెందుల ప్రాంతమున రాతినారను, అనగా ఆస్బెస్టాసును, పుట్టించినది. రెండును ఒకే యింటి బిడ్డలు. రాతినార పొడి ఊపిరితో లోనికి పోయిన, పెక్కేండ్ల తరువాత ఊపిరితిత్తుల వ్యాధియు క్యాన్సరును కలిగించునని రుజువైనది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2024లో టాల్కును సైతము క్యాన్సరు కలిగించుటకు చాలవరకు అవకాశమున్న వస్తువులలో చేర్చినది. కావున ప్రతి కందకమునుండియు, ప్రతి బోరునుండియు తీసిన ముక్కను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, నార యున్నదో లేదో తేల్చవలెను. నార గల భాగమును విడిచిపెట్టవలెను. త్రవ్వువారును, పొడి కొట్టువారును దుమ్ము పీల్చకుండ నీటితో తడుపుటయు, తగిన ముసుగు ధరించుటయు అవసరము.

చేతికి మెత్తగా తగిలినదెల్ల మేలైనది కాదు. కొండమీద రాతిని గుర్తించుటకు గోరును ఆమ్లపు చుక్కయు చాలును. దానిని మనుష్యుల యిండ్లకు పంపుటకు మాత్రము అవి చాలవు. పసిబిడ్డ చర్మమునకు అద్దు పొడి ఆ కందకమునందే పుట్టుచున్నది గనుక, దాని మంచిచెడ్డలను నిర్ణయించుట కందకపు గట్టుననే మొదలు కావలెను.