గోబర్ గ్యాసు పొయ్యి వెలగకపోతే ఏం చేయాలి?

తెల్లవారుజామున పాలు పితికి, కేంద్రంలో పోసి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద టీ నీళ్లు మరుగుతూ ఉండాలి. కాని ఒక్కోరోజు పుల్ల మీద పుల్ల గీసినా పొయ్యి వెలగదు. వెలిగినా టపటప కొట్టుకొని ఆరిపోతుంది. రాత్రి అన్నం వండిన పొయ్యే ఉదయానికి ఇలా మొండికేస్తే, పొయ్యి పాడైందని అనుకోవడం సహజం.

అయితే గోబర్ గ్యాసు పొయ్యి వెలగకపోవడానికి కారణం ఎక్కువసార్లు పొయ్యిలో ఉండదు. ప్లాంటులోనో, గొట్టంలోనో ఉంటుంది. అది తెలియక పదిరోజులు ఊరుకుంటే ఇంట్లోకి మళ్లీ కట్టెలు, పొగ వచ్చి చేరతాయి. పొయ్యే వెలగనప్పుడు పేడ ఎందుకు కలపాలని కలపడం మానేస్తాం. పేడ పడకపోతే గ్యాసు ఎలాగూ రాదు. గొట్టంలోని గుక్కెడు నీళ్లు తీస్తే పోయే లోపానికి, వేల రూపాయలు పెట్టి కట్టిన ప్లాంటు మూలపడుతుంది. అందుచేత సభ్యులు ఈ క్రింది మూడు ప్రశ్నలను వరుసగా వేసుకుని చూడవలసిందిగా కోరుతున్నాము.

మొదటి ప్రశ్న: ప్లాంటులో గ్యాసు ఉన్నదా?

పొయ్యిని ముట్టుకోక ముందు ప్లాంటు దగ్గరకు వెళ్లి చూడాలి. ఇనుప డ్రమ్ము రకం ప్లాంటులో గ్యాసు ఉంటే డ్రమ్ము పైకి తేలి ఉంటుంది. లేకపోతే అడుగుకు దిగి ఉంటుంది. 1978లో వచ్చిన జనతా, 1984లో వచ్చిన దీనబంధు రకాలలో డ్రమ్ము ఉండదు. వాటిలో గ్యాసు చేరేకొద్దీ పేడనీళ్లు బయటి తొట్టిలోకి ఎక్కుతాయి. తొట్టిలో మట్టం బాగా దిగి ఉంటే లోపల గ్యాసు లేదని అర్థం.

గ్యాసు లేకపోతే ముందుగా పేడ లెక్క చూసుకోవాలి. ఒక కిలో పచ్చిపేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు కావాలి. నాలుగైదు పశువులు కట్టు మీద ఉంటేనే ఇంత పేడ చేతికి వస్తుంది. పశువులను మేతకు తోలితే బయట పడిన పేడ మన లెక్కలోకి రాదు. చలికాలంలో ఇంతే పేడ వేసినా గ్యాసు తగ్గుతుంది. ఎందుకంటే పేడను కుళ్లబెట్టి గ్యాసు చేసే సూక్ష్మజీవులు 30 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో చురుకుగా పనిచేస్తాయి; చలికి మందగిస్తాయి.

పేడ సరిగానే పడుతున్నా గ్యాసు తగ్గితే మరి మూడు సంగతులు చూడాలి. గడ్డిపరకలు ఏరకుండా పేడ కలిపితే పైన తెట్టు కట్టి గ్యాసును పైకి రానివ్వదు. డ్రమ్మును రోజూ అటూ ఇటూ తిప్పితే ఆ తెట్టు విరుగుతుంది. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు, సబ్బు నీళ్లు ప్లాంటులోకి పోనివ్వరాదు. పొదుగువాపు వంటి జబ్బులకు యాంటిబయాటిక్ మందులు వాడుతున్న పశువు పేడను ఆ రోజుల్లో వేరుగా పెంటకుప్పలో వేయడం మంచిది. ఈ మూడూ ఆ సూక్ష్మజీవులను దెబ్బతీయకుండా, గ్యాసుకు అడ్డు లేకుండా చేసే జాగ్రత్తలే.

రెండవ ప్రశ్న: ఉన్న గ్యాసు పొయ్యి దాకా వస్తున్నదా?

డ్రమ్ము పైన ఉండి కూడా పొయ్యి వెలగకపోతే గొట్టాన్ని అనుమానించాలి. ఉదయం పూట వచ్చే తిప్పలకు సామాన్యంగా ఇదే కారణం. ప్లాంటులో నుంచి వచ్చే గ్యాసులో నీటి ఆవిరి నిండుగా ఉంటుంది. రాత్రి గొట్టం చల్లబడితే, అన్నం గిన్నె మూతకు చెమ్మ పట్టినట్లు, ఆ ఆవిరి లోపల నీరై పల్లం ఉన్నచోట నిలుస్తుంది. గోబర్ గ్యాసుకు ఒత్తిడి చాలా తక్కువ. డ్రమ్ము రకంలో అది పది సెంటీమీటర్ల నీటిమట్టానికి మించదు. అందుచేత కొద్దిపాటి నీరు నిలిచినా దారి మూసుకుపోతుంది. మంట ఎగిరెగిరి పడుతున్నదంటే నీటిని తోసుకుంటూ గ్యాసు బుడగలుగా వస్తున్నదన్నమాట.

గొట్టంలో పల్లపు చోట నీరు తీసే కుళాయి గాని, నీటి సీసా గాని ఉంటుంది. పొయ్యి ఆర్పి, దగ్గరలో దీపం, బీడీ లేకుండా చూసి, నీరంతా కారేదాకా దానిని తెరిచి మళ్లీ గట్టిగా బిగించాలి. చలికాలంలో వారానికి ఒకసారి ఈ పని అలవాటు చేసుకోవాలి. గొట్టం వేసేటప్పుడే నూరడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే నీరు కుళాయి వైపే వస్తుంది. ఎక్కడో మధ్యలో గొట్టం కుంగి ఉంటే దాని కింద రాయి పెట్టి ఎత్తాలి.

నీరు లేకపోతే రబ్బరు గొట్టం మడతపడిందేమో, ఎలుక కొరికిందేమో చూడాలి. గ్యాసు కారుతున్నదన్న అనుమానం వస్తే అతుకుల మీద సబ్బు నురుగు రాయాలి. కారేచోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల గీసి వెతకడం ఎన్నడూ చేయరాదు.

మూడవ ప్రశ్న: వచ్చిన గ్యాసు మండుతున్నదా?

చెవి దగ్గరపెడితే గ్యాసు చప్పుడు వినిపిస్తూ కూడా మంట అంటుకోకపోతే గ్యాసు గుణం చూడాలి. మంచి గోబర్ గ్యాసులో నూటికి 55 నుంచి 60 పాళ్లు మీథేన్ ఉంటుంది. మండేది అదే. మిగిలినదంతా దాదాపు బొగ్గుపులుసు వాయువు. అది మంటను ఆర్పేస్తుంది. కొత్తగా నింపిన ప్లాంటులో మొదట వచ్చే గ్యాసులో మీథేన్ తక్కువ, గాలి కూడా కలిసి ఉంటుంది. దానిని వెలిగించక ఆరుబయట వదిలివేయాలి. పాత ప్లాంటులో ఇలా అయితే ఒక్కసారిగా ఎక్కువ పేడ వేసి ఉంటారు. అది లోపల పులిసిపోతుంది. నాలుగు రోజులు పేడ ఆపి, బాగా నడుస్తున్న పొరుగు ప్లాంటు నుంచి కొన్ని బకెట్ల పేడనీళ్లు తెచ్చి పోస్తే క్రమంగా దారికి వస్తుంది.

గ్యాసు మంచిదే అయితే అప్పుడు పొయ్యిని చూడాలి. గోబర్ గ్యాసు మంట నెమ్మదిగా పాకుతుంది. గాలి ఎక్కువైతే మంట బర్నరును వదిలి లేచి ఆరిపోతుంది. అందుచేత గాలి రంధ్రాన్ని మూసి వెలిగించి, నీలిమంట నిలకడగా వచ్చేవరకు కొద్దికొద్దిగా తెరవాలి. బర్నరు రంధ్రాలలో పొంగిన పాలు ఎండిపోయి ఉంటే బర్నరు చల్లారాక వేడినీళ్లలో నానబెట్టి, రుద్ది, పూర్తిగా ఆరిన తరువాత బిగించాలి.

సిలిండరు పొయ్యిని తెచ్చి గోబర్ గ్యాసుకు తగిలిస్తే అది సరిగా వెలగదు. సిలిండరు గ్యాసులో వేడి గోబర్ గ్యాసులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఒత్తిడి కూడా ఎక్కువ. అందుకే దాని జెట్టు రంధ్రం సన్నగా ఉంటుంది. ఆ రంధ్రాన్ని ఇంట్లో మేకుతో పెద్దది చేయరాదు. గోబర్ గ్యాసు పొయ్యికి సిలిండరును అసలే తగిలించరాదు. ఆ పెద్ద రంధ్రం గుండా గ్యాసు ఎక్కువగా వచ్చి మంట భగ్గుమంటుంది. దేని పొయ్యి దానికే వాడాలి.

ప్రాణానికి సంబంధించిన మూడు మాటలు

ముందు అగ్గిపుల్ల గీసి, ఆ తరువాత పొయ్యి కుళాయి తిప్పాలి. పుల్ల ఆరిపోతే కుళాయి కట్టి, గ్యాసు చెదిరిపోయేదాకా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఇంట్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తే తలుపులు తెరవాలి. కరెంటు స్విచ్చులు ముట్టుకోరాదు.

గ్యాసు మండుతున్నదో లేదో ప్లాంటు గొట్టం మూతి దగ్గర వెలిగించి చూడరాదు. లోపల గాలి కలిసి ఉంటే మంట వెనక్కు పాకి ప్లాంటు పేలవచ్చు. ఎప్పుడు చూసినా పొయ్యి వద్దనే చూడాలి.

తెట్టు తీయడానికో, పడిన వస్తువు తీయడానికో ప్లాంటులోకి ఎవరూ దిగరాదు. లోపల ఊపిరాడదు, మనిషి కేక వేసే లోపే స్పృహ తప్పుతాడు, అతనిని కాపాడబోయి దిగినవారూ అదే గతి పడతారు. అటువంటి పని పడితే తెలిసిన మేస్త్రీని పిలిపించాలి.

ఈసారి ఉదయం పొయ్యి మొరాయిస్తే ముందు డ్రమ్ము చూడండి, తరువాత గొట్టంలో నీరు తీయండి, చివరకు పొయ్యి చూడండి. పొయ్యి వద్ద ఎక్కువసేపు ఉండేది ఇంటి ఆడవారు కనుక ఈ వరుసను వారికి కూడా చదివి వినిపించండి. నీరు తీసే కుళాయి ఎక్కడున్నదో ఇంట్లో ప్రతి ఒక్కరికీ చూపించండి.