అత్తయ్య నడుముకీ, ఆదివారం పరుగుకీ ఒకే కారు

"అమ్మాయ్, గుంటలన్నీ వెతుక్కుని మరీ వెళ్తున్నావేమిటే!"

వెనక సీట్లోంచి మా అత్తయ్య గొంతు. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి పైనున్న హ్యాండిల్ మీద. ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నానో, ఫిజియోథెరపీ అవసరమయ్యేట్టు తీసుకెళ్తున్నానో నాకే తెలియని పరిస్థితి. మా కాలనీ గేటు దాటి మెయిన్ రోడ్డెక్కేలోగా ఏడు స్పీడ్ బ్రేకర్లు. మేము 2014లో కొన్న స్విఫ్ట్‌కి అప్పటికి తొమ్మిదేళ్ళు నిండాయి. 80 వేల కిలోమీటర్లు తిరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఇంకో పిచ్చి పట్టుకుంది. ఊరి చివర మైదానంలో కార్ల పోటీ ఉంది, చూసొద్దాం రమ్మని మా తమ్ముడు లాక్కెళ్ళాడు. దాన్ని ఆటోక్రాస్ అంటారట. ఆడవాళ్ళకు వేరే విభాగం ఉందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. రోజూ ఆఫీసుకూ, స్కూలుకూ తిరిగే మామూలు కార్లనే తెచ్చారు చాలామంది. ఒకామె కారు వెనక అద్దానికి పిల్లల కోసం కట్టిన ఎండ తెర కూడా అలాగే ఉంది! ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

రేసు అనగానే సినిమాల్లోలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే కార్లు గుర్తొస్తాయి. ఆటోక్రాస్ అలా కాదు. కోన్‌లు పెట్టి మలుపుల దారి గీస్తారు. ఆ దారిలో ఒకసారి ఒక్క కారే వెళ్ళాలి. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. వేగం మరీ ఎక్కువుండదు, చిన్న కారైతే ఎక్కువ భాగం రెండో గేరులోనే అయిపోతుంది. కోన్ తగిలితే అదనంగా సెకన్లు కలుపుతారు. అమెరికాలో ఖాళీ పార్కింగ్ స్థలాల్లో, తారు మీద, కాంక్రీటు మీద పెడతారు. అక్కడ ఒక్కో కోనుకు 2 సెకన్లు. మన దేశంలో ఎక్కువగా మట్టినేల మీదే జరుగుతాయి. ఈ తేడా తర్వాత మనకు పనికొస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

"సార్‌ని పంపండి మేడమ్"

కుదుపు తగ్గాలి, మలుపుల్లో కారు మాట వినాలి. ఈ రెండు కోరికలతో మొదట ఒక వర్క్‌షాపుకి వెళ్ళాను. అతను నా మాట సగంలోనే ఆపేసి "సార్‌ని పంపండి మేడమ్, ఆయనకి చెప్తా" అన్నాడు. మా వారికి కారు గురించి తెలిసిందల్లా పాటలు ఎక్కడ పెట్టాలో! రెండోచోట మాట విన్నారు గానీ సలహా భయంకరంగా ఉంది. "రెండంగుళాలు దించేసి గట్టి స్ప్రింగులు వేద్దాం, బండి రాయిలా ఉంటుంది" అన్నారు. రాయి మీద అత్తయ్యని కూచోబెట్టడం ఊహించుకుని వచ్చేశాను.

మూడోచోట మెకానిక్ పెద్దాయన. ఏం కావాలని అడగలేదు. కారు లిఫ్ట్ మీదకెక్కించి, టార్చ్‌లైటు నా చేతికిచ్చి, "అమ్మా, మీరే చూడండి" అన్నారు.

చూశాను. వెనక కుడివైపు షాకబ్జార్ నిండా నూనె కారి, దుమ్ము పట్టి నల్లగా ఉంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లో రబ్బరు బుష్షు పగుళ్ళిచ్చింది. లింక్ రాడ్‌ని చేత్తో ఊపితే టకటకమంటోంది. నేను ఇన్నాళ్ళూ డిక్కీలో జాకీ కదిలే చప్పుడనుకున్నది అదే! ఎడమ టైరు మీద చెయ్యి పెట్టి రాయమన్నారు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం, అలలు అలలుగా తగిలింది. షాకబ్జార్ నీరసించి, చక్రం నేలని వదిలి గెంతుతూ తిరిగితే టైరు అలా అరుగుతుందట.

"ఉన్నది సరిగ్గా పనిచేస్తే చాలమ్మా, సగం అప్‌గ్రేడ్ అయిపోయినట్టే" అన్నారాయన. నేను నోట్‌బుక్ తీశాను.

స్ప్రింగు వేరు, షాకబ్జార్ వేరు

ఈ రెండూ ఒకటేనని నాలాగే చాలామంది అనుకుంటారు. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంటలో పడ్డప్పుడు నొక్కుకుని, తిరిగి సాగుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని పట్టి ఆపేది షాకబ్జార్. ఆఫీసు తలుపులకు పైన బిగించే డోర్ క్లోజర్ చూశారుగా? తలుపు ధడాల్న పడకుండా, లోపల నూనె సన్నటి రంధ్రాల్లోంచి మెల్లగా పోతూ నెమ్మదిగా మూస్తుంది. షాకబ్జార్ చేసేదీ అదే పని. ఊపులోని శక్తిని నూనె వేడిగా మార్చేస్తుంది.

మామూలు కార్ల స్ప్రింగుల్ని నిమిషానికి 60 నుంచి 90 సార్లు ఊగే లయకు తయారుచేస్తారు. తీరిగ్గా నడిచే మనిషి అడుగుల లయకు అది దగ్గర. అందుకే ఒంటికి హాయి. స్ప్రింగు గట్టిబడేకొద్దీ లయ పెరుగుతుంది, పెరిగినకొద్దీ నడుం గొణుగుతుంది.

స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో ముందువైపు స్ప్రింగూ షాకబ్జారూ కలిసి ఒకే నిలువు స్తంభంలా ఉంటాయి. దాన్ని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1940ల్లో అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఆలోచన అది. చోటు కలిసొస్తుంది, ఖర్చు తక్కువ. వెనకవైపు రెండు చక్రాలనూ కలుపుతూ మెలితిరిగే ఒక ఇనుప దూలం ఉంటుంది. అంతే, ఇంతకుమించి కింద పెద్ద రహస్యమేం లేదు.

మరి మలుపుల్లో కారు మాట ఎందుకు వినదు? ఈ కార్లలో ఇంజను నడిపేది ముందు చక్రాల్నే. తిరగాల్సిందీ అవే. బ్రేకు భారంలో పెద్ద వాటా కూడా వాటిదే. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి పరిస్థితన్నమాట! వేగంగా మలుపు తిప్పితే ఆ ముందు టైర్లు చేతులెత్తేస్తాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా జారిపోతుంది. అప్పుడు ఇంకా తిప్పడం కాదు చెయ్యాల్సింది, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చెయ్యాలి. ఈ ఒక్క అలవాటుకి ఏ స్పేర్ పార్టూ సాటిరాదు.

దించేస్తే బాగుపడుతుందా?

గట్టి స్ప్రింగు వేస్తే కారు పక్కకు వాలడం తగ్గుతుంది, నిజమే. కానీ మలుపులో బయటివైపు చక్రాల మీదకు పోయే మొత్తం బరువు తగ్గదు. అది కారు బరువుని, ఆ బరువు ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని, చక్రాల మధ్య వెడల్పుని, మీరు ఎంత గట్టిగా తిప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది. వాలడం కంటికి కనిపిస్తుంది గనక అదే జబ్బనుకుంటాం.

మరీ కిందికి దించితే ఇంకో తంటా. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారుని దించితే కింది ఆర్మ్‌ల వాలు మారిపోతుంది. అప్పుడు కారుకి పక్కకు ఒరిగే గుణం ఇంకా పెరుగుతుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. పైకి కిందికి ఆడే చోటు తగ్గిపోయి చీటికీమాటికీ లోపలి రబ్బరు ఆపుడు ముక్క మీద ధభీమని కూచుంటుంది. కొందరు ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసేస్తారు. దయచేసి ఆ పని మాత్రం ఒప్పుకోకండి. చక్రం గాల్లోకి లేచినప్పుడు కోసిన స్ప్రింగు దాని కుదురులోంచి జారిపోవచ్చు.

ఇక మన రోడ్ల సంగతి. గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. మా కాలనీలోవి చూస్తే అవి కట్టినవాళ్ళు ఆ మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. మా కారు నేలకి 170 మిల్లీమీటర్ల ఎత్తు. నలుగురు కూచుంటే ఇంకా దిగుతుంది. అందులోంచి రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు తీసేస్తే మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఆ మట్టినేల సంగతి. నున్నటి తారు మీదయితే తక్కువ ఎత్తు, గట్టి స్ప్రింగులకు ఎంతోకొంత లాభముంటుంది. ఎగుడుదిగుడు మట్టిలో చక్రం నేలని అంటిపెట్టుకుని ఉండాలంటే స్ప్రింగు ఆడాలి, షాకబ్జార్ పట్టాలి, ఎత్తు ఉండాలి. అంటే అత్తయ్య నడుం అడిగేదీ, మైదానం అడిగేదీ దాదాపు ఒకటే! ఇది అర్థమైన రోజు నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను. అంతవరకూ నా సరదా కోసం ఇంటిల్లిపాదినీ కుదిపేస్తానేమోనని లోలోపల బెంగ.

డబ్బు దేనికి ముందు?

పెద్దాయన మొదట టైర్ల మీద తేదీ చూపించారు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైందని. మావి సరిగ్గా అవే. అరుగు ఇంకా ఉన్నా రబ్బరు మొద్దుబారింది. అదే సైజులో మంచి పట్టున్న టైర్లు నాలుగూ మార్చాం.

తర్వాత షాకబ్జార్లు నాలుగూ, స్ప్రింగులు పాతవే. ఒక్కటే పాడైందని ఒక్కటే మార్చకూడదు. ముందు జత, వెనక జత, జతగానే మార్చాలి. ముందు స్ట్రట్ విప్పినప్పుడే దానిపైనుండే మౌంటూ బేరింగూ కూడా చూడాలి, లేకపోతే మళ్ళీ అదే కూలీ ఇచ్చుకోవాలి. బుష్షులు, లింక్ రాడ్లు కొత్తవి వేశాం. ఇక్కడ ఒక కిటుకు. బుష్షు బోల్టుల్ని కారు గాల్లో ఉండగా ఆఖరి బిగింపు బిగించేస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడిపోయి త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. మీ మెకానిక్‌ని ఈ మాట అడిగి చూడండి, మీతో మాట్లాడే తీరే మారిపోతుంది!

ఆఖర్న వీల్ అలైన్‌మెంట్. ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్న కొలత. కాస్త బయటికి చూసేట్టు పెడితే కారు చురుగ్గా తిరుగుతుందని పోటీలవాళ్ళు పెట్టుకుంటారు. రోజూ తిరిగే కారుకి వద్దు, టైర్లు లోపలివైపు తినేస్తుంది. కంపెనీ కొలతే ఉంచాం.

టైర్లు కాక మాకు 20 వేల పైచిలుకు అయింది. "ఏడాది చీరలు మానేశావనుకుంటాలే" అన్నారు మా వారు. ఎవరి చీరలు, ఎవరు మానాలి అని నేనడగలేదు.

వెనక దూలానికి అదనంగా బిగించే కడ్డీ ఒకటి దొరుకుతుంది. వెనకభాగాన్ని గట్టిపరిచి, ముందు జారడాన్ని తగ్గిస్తుంది. ఆశపడ్డాను. "వానలో మలుపు మధ్య భయపడి కాలు తీసేస్తే వెనక భాగం తిరిగిపోవచ్చమ్మా, రోజూ పిల్లల్ని దింపే బండి" అన్నారాయన. మానేశాను. పైగా చట్టం సంగతొకటి ఉంది. కంపెనీ అసలు రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అరిగిన భాగం స్థానంలో కంపెనీ చెప్పిన భాగం వేస్తే పేచీ లేదు. ఎత్తు మార్చి, కడ్డీలు బిగిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

బీమా అంటే గుర్తొచ్చింది. పోటీకి వెళ్ళే ముందు మీ పాలసీ కాగితం తీసి చదవండి. పందేలు, వేగ పరీక్షలు మామూలు ప్రైవేటు కారు పాలసీలో రావు. మైదానంలో ఏ గుట్టకో కొడితే ఆ ఖర్చంతా మనదే. ఈ ముక్క ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోవాలి. నేను చెప్పాను. రెండు రోజులు మాటల్లేవు, మూడోరోజు హెల్మెట్ కొనిచ్చారు.

ఆ ఆదివారం

జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనుమతి ఉన్న పోటీనే చూసుకుని వెళ్ళాను. ముందురోజు రాత్రి చక్రాల నట్లు, టైర్లలో గాలి చూసుకున్నాను. కార్లో కదిలే వస్తువులన్నీ తీసేశాను. గొడుగు, నీళ్ళ సీసాలు, పిల్లాడి క్రికెట్ బంతి, సీటు కింద ఎన్నాళ్ళ నుంచో ఉన్న కొబ్బరికాయ! డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా ఒక పూట ఇంట్లో దేవుడి గూట్లో పెట్టాను. చున్నీ లేని నూలు బట్టలు, పూర్తిగా మూసే బూట్లు.

ముందుగా దారి మొత్తం నడిచి చూడనిస్తారు. నడిచింది గుర్తుపెట్టుకోవాలి. నేను నాలుగో మలుపు మర్చిపోయాను. మొదటి పరుగులో రెండు కోన్‌లు పడగొట్టాను. రెండోదాంట్లో ఒక్కటీ పడలేదు గానీ మరీ పెళ్ళినడక నడిచాను. మూడోదాంట్లో ఒక పొడవాటి మలుపు దగ్గర ముందు చక్రాలు జారడం అరచేతులకి తెలిసింది. కాలు కాస్త తేలిక చేశాను. కారు లోపలికి తిరిగింది! ఆడవాళ్ళలో కింద నుంచి మూడోస్థానం. మా తమ్ముడు మాత్రం కప్పు గెలిచినట్టు ఫొటోలు తీశాడు.

మర్నాడు సోమవారం, మళ్ళీ ఫిజియోథెరపీ. ఏడో స్పీడ్ బ్రేకర్ దాటి మెయిన్ రోడ్డెక్కాను. అత్తయ్య ఒడిలో సంచి సర్దుకుంటూ "ఇంకా గేటు దాటలేదటే?" అన్నారు. ఆస్పత్రి దగ్గర దిగాక చక్రాల వంక చూసి, "ఈ ఎర్రమట్టి ఎక్కడిదే? మన కాలనీలో లేదే ఇలాంటి మట్టి" అని నా మొహంలోకి చూశారు.