బ్యాటరీ బండి ఆగిపోతే మొదట చూడవలసినవి

క్యాసంబళ్ళి: శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు చేరింది. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నేడు అదే కేజీఎఫ్ తాలూకాలోని క్యాసంబళ్ళి వంటి ఊళ్ళలో నడవలేని వృద్ధులకు, దివ్యాంగులకు విద్యుత్తు మరొక రూపంలో ఆసరా కాగలదు. బ్యాటరీతో నడిచే మూడు, నాలుగు చక్రాల బండి ఉంటే రేషను అంగడికో, బస్సు ఆగే చోటుకో మరొకరి చేయి పట్టుకోకుండా వెళ్ళవచ్చు. ఆ బండి నిలిచిపోతే మాత్రం మనిషి మళ్ళీ గడపకే పరిమితమవుతాడు. అందుచేత బాగుచేయించడానికి పట్నానికి తరలించే ముందు, ఇంటివద్దనే పరీక్షించుకోదగిన అంశాలను తెలుసుకోవడం అవసరం. ఆగిన ప్రతి బండిలోనూ మోటారు చెడిందని భావించనక్కరలేదు.

తాళం, మీట, బ్రేకు

మొదట తాళం పూర్తిగా తిరిగిందో లేదో చూడాలి. ఛార్జరు తీగ బండికి తగిలించి ఉంటే అనేక బండ్లు కదలవు. అది లోపం కాదు, రక్షణ కోసం చేసిన ఏర్పాటు. నాలుగు చక్రాల బండ్లలో వెనుక భాగాన మోటారును చక్రాల నుంచి విడదీసే మీట ఒకటి ఉంటుంది. బండిని చేతితో నెట్టినవారు దానిని తిరిగి యథాస్థానానికి మార్చడం మరచితే, దీపం వెలిగినా బండి నడవదు. వాలులో ఆ మీటను ఎన్నడూ తాకరాదు. అది విడిన మరుక్షణం మోటారు బ్రేకు పనిచేయదు, బండి దొర్లిపోతుంది.

మూడు చక్రాల బండ్లలో బ్రేకు పట్టగానే మోటారుకు విద్యుత్తు ఆగే ఏర్పాటు సాధారణం. మట్టి చేరి బ్రేకు పిడి వెనుకకు రాకపోతే మోటారు తిరగదు. పిడిని శుభ్రపరచి, స్వేచ్ఛగా కదులుతున్నదో లేదో గమనించాలి.

దీపమే వెలగకపోతే

సీటు క్రింద గాని, బ్యాటరీ పెట్టె వద్ద గాని ఒక చిన్న బొత్తాము ఉంటుంది. ఎత్తు ఎక్కినప్పుడు, బరువు మించినప్పుడు అది పైకి లేచి విద్యుత్తును ఆపుతుంది. కొద్ది నిమిషాలు చల్లారనిచ్చి ఒకసారి నొక్కాలి. వెంటనే మళ్ళీ లేస్తే ఇంకా నొక్కరాదు, లోపల తీగలు కలిసిపోయి ఉండవచ్చు. బొత్తాముకు బదులు ఫ్యూజు ఉన్న బండిలో దాని స్థానంలో మామూలు తీగ చుట్టడం అగ్నిప్రమాదానికి ఆహ్వానమే.

తరువాత బ్యాటరీ కొసలను చూడాలి. తెల్లని లేదా ఆకుపచ్చని పొడి పేరుకున్నా, బిగింపు వదులైనా విద్యుత్తు సరిగా అందదు. తాళం తీసివేసి, చేతి ఉంగరాలు, గాజులు తొలగించి, పొడిగుడ్డతో తుడిచి బిగించాలి. రెండు కొసలకు ఒకేసారి స్పానరు తగలనీయరాదు.

ఛార్జరా, బ్యాటరీయా?

ఛార్జరు దీపం వెలగకపోతే అదే ప్లగ్గులో మరొక పరికరం పెట్టి చూడాలి. ఇంటిలో కరెంటు లేకుండా ఛార్జరును నిందించి ప్రయోజనం లేదు. బ్యాటరీ ఖాళీ అయినా క్షణాల్లో 'నిండినది' అన్న దీపం వెలిగితే, ఛార్జు లోపలికి పోవడం లేదని అనుమానించాలి.

చాలా బండ్లలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండింటిని కలిపి 24 వోల్టులు చేస్తారు. పూర్తిగా ఛార్జు చేసి, కొన్ని గంటలు విడిచిన పిమ్మట మల్టీమీటరుతో కొలిస్తే ఒక్కొక్కటి 12.7 వోల్టుల దరిదాపులో చూపాలి. సుమారు 12.2 అంటే సగమే ఉన్నట్లు. నిశ్చలంగా బాగున్నా, బండి కదలగానే వోల్టేజి బాగా పడిపోతే ఆ బ్యాటరీ బలహీనమైనది. మార్చవలసి వస్తే రెండింటినీ కలిపి మార్చాలి. పాతదాని ప్రక్కన పెట్టిన కొత్తది త్వరగా చెడుతుంది. లిథియం బ్యాటరీలకు ఈ లెక్కలు వర్తించవు, వాటికి వాటి ఛార్జరునే వాడాలి.

ఇక ఆగవలసిన చోటు

కొన్ని బండ్లలో దీపం నిర్ణీత సంఖ్యలో మిణుకుమిణుకుమంటూ లోపాన్ని సూచిస్తుంది. ఆ సంఖ్యను లెక్కించి వ్రాసి ఉంచితే మెకానిక్కు పని సులువవుతుంది. కాలిన వాసన, పొగ, ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే బండిని వాడరాదు, ఛార్జి పెట్టరాదు. వారంటీ ఉన్న బండి కంట్రోలరును ఇంట విప్పరాదు. కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం క్రింద పొందిన బండి అయితే, ఇచ్చిననాటి పత్రాలను భద్రపరచి మరమ్మతు వేళ చూపాలి.

నివారణ మార్గం సులభమే. వాడిన రోజు రాత్రి ఛార్జి పెట్టాలి. వారాల తరబడి వాడకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా ఉంచరాదు, సీసపు పలకలపై గట్టి పొర పేరుకొని శక్తి తగ్గుతుంది. వానలో తడిసిన బండిని ఆరబెట్టిన తరువాతనే ఛార్జి చేయాలి. బయలుదేరే ముందు బ్యాటరీ ముల్లును, టైర్ల గాలిని, బ్రేకును చూసుకొనే అలవాటు ఉంటే దారిమధ్యలో ఒంటరిగా నిలిచిపోయే పరిస్థితి చాలావరకు తప్పుతుంది.