కుదురులేని పిల్లలు, మందు భయాలు: అపోహలు – వాస్తవాలు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు: చదువు అబ్బని పిల్లాడిని ఏదో ఒక షెడ్డులో పనికి పెట్టేయడం ఇక్కడ పాత అలవాటు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. అంతకంటే ముందు ఆలోచించాల్సింది, వాడికి చదువు ఎందుకు అబ్బలేదన్నది. పది నిమిషాలు కూర్చోలేక, రోజూ పెన్సిలో టిఫిన్ బాక్సో పోగొట్టుకుంటూ, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేసే పిల్లల్లో కొందరిది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. అది ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్). ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఉంటుందని అంచనా. దీనికి వైద్యం ఉంది. కానీ డాక్టర్ మాత్ర రాయగానే ఇంట్లో భయాలు మొదలవుతాయి.

అపోహ: "అది మత్తుమందు, అలవాటైపోతుంది."

గంజాయి కేసుల వార్తలు తరచూ చదివే విశాఖలో ఈ భయం సహజం. ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్ కింద, మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్న మాట నిజమే. దాన్ని అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి, మందు తాళం వేసిన చోట ఉంచాలి. చీటీ రెండు ప్రతులు రాయాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు భద్రపరచాలి. అందుకే ఇది అన్ని మెడికల్ షాపుల్లోనూ దొరకదు. ఈ కట్టుదిట్టమంతా మందు దారి తప్పకుండా ఉండటానికి. డాక్టర్ చెప్పిన మోతాదులో నోటితో వేసుకుంటే అది మెదడుకు నెమ్మదిగా చేరుతుంది, పిల్లాడికి మత్తెక్కదు. చిన్నప్పుడు ఈ మందు వాడినవాళ్లు పెద్దయ్యాక వ్యసనాల్లో ఎక్కువగా పడుతున్నారా అని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు, మందు వాడినా వాడకపోయినా, మామూలుగానే ఆ ముప్పు కాస్త ఎక్కువ.

తాళం షాపులో ఉంటే చాలదు, ఇంట్లోనూ ఉండాలి. మాత్రల డబ్బా పిల్లాడి స్కూలు బ్యాగులో ఉండకూడదు. పెద్దవాళ్లే లెక్కపెట్టి ఇవ్వాలి. స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు నడిచే ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది: తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ నాన్న ఒకటి వేస్తాడు, ఆ సంగతి తెలియక అమ్మ మరొకటి వేస్తుంది. ఇచ్చినవాళ్లు గోడ క్యాలెండర్ మీద అప్పుడే టిక్ పెడితే ఈ పొరపాటు జరగదు. ఇంటర్ పరీక్షలు రాసే బావకో, పెదనాన్న కూతురికో "జ్ఞాపకశక్తికి" అంటూ ఒక మాత్ర ఇవ్వడం ప్రమాదకరం, చట్టవిరుద్ధం కూడా.

అపోహ: "మందుకి కుదురు వచ్చింది, అంటే జబ్బు ఉన్నట్టే."

చదువుకున్నవాళ్లూ ఈ మాట అంటారు. కానీ ఈ రకం మందు మామూలు పిల్లలకు కూడా ఏకాగ్రత పెంచుతుందని అమెరికా మనోవైద్యురాలు జుడిత్ రాపోపోర్ట్ బృందం 1978లోనే చూపింది. కాబట్టి "వేసి చూద్దాం" అన్నది పరీక్ష కాదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అని డాక్టర్ అడిగి తెలుసుకోవాలి. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత, చదవడంలో ఇబ్బంది వంటివి కూడా చూడాలి. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయిల్లో ఏడీహెచ్‌డీని చాలాసార్లు ఎవరూ గుర్తించరు.

ఆటోనగర్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాత బ్యాటరీలు విప్పే పనిలో ఉన్నవాళ్ల బట్టల మీద సీసం ధూళి ఇంటికి వస్తుంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. పని బట్టలు షెడ్డులోనే మార్చుకోండి, పిల్లాడిని ఎత్తుకునే ముందు స్నానం చేయండి. మీరు చేసే పనేమిటో డాక్టరుకు చెబితే, అవసరమైతే సీసం కోసం రక్తపరీక్ష రాస్తారు.

అపోహ: "గుండెకు చేటు, ఎదుగుదల ఆగిపోతుంది."

ఈ భయంలో కొంత నిజముంది. అందుకే దీన్ని కొట్టిపారేయకుండా కొలతలతో కాపు కాయాలి. గుండె వేగం, రక్తపోటు కొద్దిగా పెరుగుతాయి. అమెరికాలో పన్నెండు లక్షల మందికి పైగా పిల్లలు, యువకుల వివరాలు పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్రమైన గుండె సమస్యలు పెరిగినట్టు తేలలేదు. అయినా పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా, ఆడుతూ స్పృహ తప్పిన సందర్భం ఉన్నా, చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు కుటుంబంలో ఉన్నా మందు మొదలుపెట్టే ముందే చెప్పాలి.

ఎదుగుదల విషయానికొస్తే, ఆకలి తగ్గడం నిజం, ముఖ్యంగా మధ్యాహ్నం. బాక్సు నిండుగా తిరిగొస్తే తిట్టకండి. పొద్దున్నే ఇడ్లీ, గుడ్డు కడుపునిండా పెట్టాక మాత్ర వేయండి. సాయంత్రం మందు ప్రభావం తగ్గి ఆకలి వేస్తుంది, అప్పుడు మళ్లీ బాగా పెట్టండి. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో ఎత్తు సగటున ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు. పదేళ్లలోపు పిల్లలకు మూడు నెలలకోసారి బరువు, అందరికీ ఆరు నెలలకోసారి ఎత్తు, రక్తపోటు, నాడి చూపించి ఒక నోటుబుక్కులో రాయించండి. ఎదుగుదల గీత కిందికి దిగుతుంటే డాక్టర్ మోతాదు మారుస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు.

అపోహ: "పిల్లాడు బొమ్మలా అయిపోతాడు."

మోతాదు సరిపోతే వాడు వాడిలాగే ఉంటాడు, నవ్వుతాడు, ఆడతాడు. మొద్దుబారినట్టుంటే మోతాదు ఎక్కువైందేమోనని అనుమానించాలి. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల మీద పెంచేది అందుకే. పొద్దున మరిచిపోయిన మాత్ర సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర ఉండదు, ఆ పూటకి వదిలేయండి. రోజంతా పనిచేసే మాత్రను నలిపి ఇవ్వకూడదు, మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది. జలుబు మందుల్లో కొన్ని దీనితో కలిస్తే రక్తపోటు పెంచుతాయి, అడగకుండా వేయకండి.

మందు బదులు పంచదార మానిపిస్తే ఏడీహెచ్‌డీ తగ్గిపోతుందన్న నమ్మకం 1990లలో జరిగిన పరీక్షల్లో నిలబడలేదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే మొదట తల్లిదండ్రులకు శిక్షణ, ఆ తర్వాతే మందు మాట. పెద్దపిల్లలకు కూడా మాత్ర కుదురు ఇస్తుంది గానీ లెక్కలు నేర్పదు, సంచి సర్దడం నేర్పదు. అవి ఇంట్లో, బడిలో ఓపిగ్గా నేర్పాలి.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపిస్తున్నాయనడం, చచ్చిపోతాననడం, ఇంట్లో చిన్నవాళ్లు పొరపాటున మాత్రలు మింగేయడం... వీటిలో ఏది జరిగినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగతా సందేహాలకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. మొదటిసారి వెళ్లేటప్పుడు పిల్లాడి నోటుపుస్తకాలు రెండు, టీచర్ రాసిచ్చిన కాగితం, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుంటే ఆ వివరాలు వెంట తీసుకెళ్లండి.