ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉందని ధీమా వద్దు.. ఇంటి వైఫైకి తాళం ముఖ్యం

విశాఖపట్నం: గాజువాకలోనో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరో ఏదైనా అపార్ట్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, ఇరుగుపొరుగు వైఫై పేర్లు వరుసగా కనిపిస్తాయి. అంటే మన వైఫై కూడా వాళ్లకు కనిపిస్తున్నట్టే. లినక్స్‌కు వైరస్‌ల బెడద తక్కువ, ఇక భయమేముందని చాలామంది అనుకుంటారు. కానీ వైఫై తాళం ఉండేది ల్యాప్‌టాప్‌లో కాదు, రౌటర్‌లో.

తాళం లేకపోతే ఏమవుతుంది? 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు మీడియాకు చేరిన ఈమెయిల్ నవీ ముంబయిలోని ఓ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. పంపింది వేరెవరో. పోలీసులు తలుపు తట్టింది మాత్రం ఆ ఇంటిదే.

ముందు రౌటర్ సంగతి చూడాలి. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టాలి. చాలా వాటికి అది 192.168.1.1, లేదంటే పెట్టె అడుగున రాసి ఉంటుంది. లోపలికి వెళ్లగానే కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయాలి. వైర్‌లెస్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టాలి, లేదంటే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్. పాత డబ్ల్యూఈపీ లోపాలు 2001లోనే బయటపడ్డాయి, దాని జోలికి వెళ్లొద్దు. డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. దాని 8 అంకెల పిన్ 11 వేల ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లో తేలింది.

పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు, గరిష్ఠంగా 63 పెట్టొచ్చు. ఫోన్ నంబరు, పిల్లల పేర్లు వద్దు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గుర్తూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది.

ఇక ల్యాప్‌టాప్. ఉబుంటులో సెట్టింగ్స్, వైఫైలోకి వెళ్లి, కనెక్ట్ అయిన పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే సెక్యూరిటీ ఎదురుగా ఏ రకం తాళమో కనిపిస్తుంది. డబ్ల్యూఈపీ అని గానీ, ఏమీ లేదని గానీ ఉంటే మళ్లీ రౌటర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చివరిగా అప్‌డేట్లు. 2017 అక్టోబరులో బయటపడ్డ ‘క్రాక్’ లోపం డబ్ల్యూపీఏ2నే దెబ్బతీసింది. అప్పట్లో ఎక్కువ ముప్పు ఆండ్రాయిడ్, లినక్స్‌లకే. దాన్ని సరిచేసింది పాస్‌వర్డ్ మార్పు కాదు, అప్‌డేట్. అందుకే ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టొద్దు.