పూటకూళ్లవాని సేవ

మంచి సమరయుని ఉపమానము నెఱుగని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. దొంగలచే కొట్టబడి దారిలో పడియున్నవానిని చూచి యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి. సమరయుడు నిలిచి గాయములు కట్టెను. అయితే కథ అంతటితో ముగియలేదు. మరునాడు అతడు రెండు దేనారములు పూటకూళ్లవాని చేతికిచ్చి, రోగి నతనికి అప్పగించి వెళ్లెను. అటుపిమ్మట రోగికి వేళకు ఆహారము పెట్టవలసినవాడు, పక్క మార్చవలసినవాడు, సొమ్మునకు లెక్క చూపవలసినవాడు ఆ పూటకూళ్లవాడే. ఆసుపత్రిని నిర్వహించువారి పని సరిగా ఇదియే.

ఇది చిన్నపని యని తలచువారు గలరు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట పాము కఱచిన యొక బాలుని రాత్రివేళ ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. విరుగుడు మందు ఆరు సీసాలు కలవని స్టాకు పుస్తకములో వ్రాసియుండెను. బీరువాలో ఒక్కటియు లేకుండెను. వైద్యుడు సమర్థుడు, దయగలవాడు. అయినను చేతిలో మందు లేదు. వేఱొక పట్టణమునకు పరుగెత్తితిమి. బాలుడు బ్రదికెను గాని ఒక వ్రేలు పోగొట్టుకొనెను. చూడకుండ వ్రాసిన ఒక్క పంక్తికి అది మూల్యము.

ఈ సత్యమును ఫ్లోరెన్సు నైటింగేలు బాగుగా గ్రహించెను. ఆమె 1854 నవంబరులో 38 మంది దాదులతో స్కుటారి సైనిక వైద్యశాలకు చేరి, వంటను, బట్టల ఉదుకును, సామగ్రి పంపకమును చక్కపెట్టెను. 1855లో పారిశుధ్య సంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించిన పిమ్మట మరణములు మిక్కిలి తగ్గెను. ఆమె ఆ మరణముల లెక్కలను పటములుగా గీచి అధికారులకు చూపెను. దీపము పట్టిన చేయియే లెక్కలును వ్రాసెను.

మన దేశములోను నిదర్శనము కలదు. వైద్యురాలు అన్నా సారా కూగ్లరు 1883లో గుంటూరు వచ్చెను. ఆసుపత్రి 1898లో గాని తెఱవబడలేదు. నడుమ పదునైదేండ్లు ఇండ్లకు పోయి రోగులను చూచుచు, మందులిచ్చుచు ఆమె కనిపెట్టుకొని యుండెను. ఓర్పుకూడ నిర్వహణములో ఒక భాగమే.

కాబట్టి విశ్వాసము ఆసుపత్రి కచేరీలో ఎట్లు కనబడవలెను? గోడమీది వాక్యములో మాత్రము కాదు. బీరువా తెఱచి ఎంచిన తరువాతనే పుస్తకములో వ్రాయుట విశ్వాసము. పెద్దవారి చీటీ తెచ్చినవానిని వరుస దాటింపకుండుట విశ్వాసము. ఊడ్చువారికి జీతము నియమిత దినమున ఇచ్చుట విశ్వాసము. కష్టమైన ప్రశ్నయు నొకటి యున్నది. అందఱికిని ఉచితముగా చేసినయెడల ఆసుపత్రి మూతపడును. ఎవరికిని తగ్గింపనియెడల అది పుట్టిన యుద్దేశమే చచ్చును. అందుచేత బీదలకిచ్చు తగ్గింపు, గుమాస్తా ముఖప్రీతినిబట్టి గాక, అందఱు చదువగల నియమమునుబట్టి యుండవలెను. అప్పుడు బీదవాడు బిచ్చగానివలె వంగక, హక్కుగలవానివలె నిలువగలడు.

ప్రియ విద్యార్థులారా, మీలో అందఱును వైద్యులు కాజాలరు. గుమాస్తాలు, మందులగది అధికారులు, లెక్కలు చూచువారు కొందఱు కావచ్చును. మీ పేరు రోగి యెఱుగకపోవచ్చును. ఉపమానములో పూటకూళ్లవానికిని పేరు లేదు. అయినను సమరయుడు తిరిగి వచ్చెదనని చెప్పిపోయెనని మఱవకుడు. ఆ దినమున మన పుస్తకమును బీరువాయు ఒక్క మాటయే చెప్పునట్లు చూచుకొందము.